జంట పోగు

ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువుల్లో వల చిరిగిందంటే అది బాగుకి పెర్సిస్ ఇంటికే వస్తుంది. నలభై దాటాక ఆవిడ ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టడానికి కారణం ఒకటే. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో ఆవిడ పూటపూటా సీసాలు కడుగుతుంది. ఇంటర్ పాసైతే ఆ పరీక్షలే చేయిస్తామన్నారు వాళ్లు. అన్నీ గట్టెక్కాయి గానీ కెమిస్ట్రీ ఒక్కటే కొరకరాని కొయ్యయి కూర్చుంది.

ఆదివారం చర్చి అయ్యాక స్టడీ సెంటర్లో లెక్చరర్ జ్యోత్స్న పాఠం చెప్పేది. కార్బన్‌కి నాలుగు చేతులు, నాలుగింటితోనూ ఎవర్నో ఒకర్ని పట్టుకోవాల్సిందే అనగానే పెర్సిస్‌కి ప్రాణం లేచొచ్చింది. వల ముడి నుంచి బయల్దేరేవీ నాలుగు పోగులే మరి. ఇక రెండు చేతులతో ఒకర్నే పట్టుకునే జంట బంధమంటే, చేపలు ఎక్కువ కొట్టుకునే చోట తను వేసే జంట పోగే. అక్కడ వల తెగమన్నా తెగదు.

ఆ ధీమాతోనే బోర్లా పడింది. జ్యోత్స్న రెండు పరీక్షనాళికల్లో రెండు ద్రవాలు పోసింది. మొదటిదాంట్లో అన్నీ ఒంటి బంధాలే, రెండోదాంట్లో ఒక జంట బంధం. బంధం విడిపోయి బ్రోమిన్‌ని పట్టుకుంటే దాని రంగు పోతుందని చెప్పి, బ్రోమిన్ నీళ్లు వేస్తే ఎందులో రంగు పోతుందని అడిగింది.

"ఒంటిదాంట్లోనండి," అంది పెర్సిస్ తడుముకోకుండా.

రంగు రెండోదాంట్లో పోయింది.

"అదేంటి మేడం, రెండు పోగులున్న చోటే ఊడుతుందా?"

"రెండూ ఒకలాంటివి కావు పెర్సిస్ గారూ. ఒకటి నేరుగా బిగించి పట్టుకుంటుంది. రెండోది కాస్త వదులు. అదే విడిపోయి బ్రోమిన్‌ని పట్టుకుంటుంది. మొదటిది వదలదు."

"మరి మొత్తమ్మీద జంట బంధం గట్టిదాండీ, కాదాండీ?"

"గట్టిదేనండీ."

గట్టిదేనట, ముందు విడిపోయేదీ అదేనట. ఇదేం శాస్త్రమో, పెర్సిస్ బుర్ర గిర్రున తిరిగింది.

మర్నాడు వల ముందేసుకుని కూర్చుంటే జంట పోగు వెయ్యడానికి చెయ్యి రాలేదు. భర్త క్రీస్తుదాసు వింతగా చూశాడు. చివరికి వేసి, బ్లేడుతో ఒక పోగు కోసింది. రెండో పోగు వల కన్నుని పట్టుకునే ఉంది.

"చూశారా, వదల్లేదు," అంది సంబరంగా. అంతలోనే మొహం వాడిపోయింది. "ఏవండీ, ఇవి రెండూ ఒకే దారం కదా. ఇందులో వదులుది ఏదండీ?"

"బాగున్న వలని కోసింది చాలక నన్నడుగుతావేంటి," అన్నాడు క్రీస్తుదాసు.

ప్రాక్టికల్స్ రోజు ఎగ్జామినర్ అదే బ్రోమిన్ ప్రశ్న వేశాడు. పెర్సిస్ మేడం చెప్పిందంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. "అర్థమయ్యే చెబుతున్నారా?" అన్నాడాయన నవ్వుతూ. తలూపితే సరిపోయేది. ఉద్యోగం ఎక్కడ చేజారుతుందోనని భయమున్నా ఆవిడ నోరు ఊరుకోలేదు.

"లేదండి. ఒకటి బిగువు, ఒకటి వదులు ఎందుకయ్యాయో తెలీలేదండి."

"అది పై చదువుల్లో చెబుతారమ్మా. మీకు ఇక్కడికి చాలు, పాసైపోతారు," అని ఆయన మార్కులు వేసేశాడు.

గేటు బయట క్రీస్తుదాసు బండి మీద కాచుకుని ఉన్నాడు. కళ్లు తుడుచుకుంటూ వస్తున్న భార్యని చూసి కంగారుపడ్డాడు. "పోయిందా?"

"లేదండి, పాసవుతానన్నారు."

"మరి ఏడుపెందుకు?"

"ఆ వదులు పోగు సంగతి పై చదువుల్లో చెబుతారంటండీ," అంది పెర్సిస్.