బాలస్వామి జెయింట్ వీలు

తిరిగేది ఏదైనా సరే, దాన్ని ఆపి ఒకసారి చెవి ఆనించి చూడందే బాలస్వామికి అన్నం సయించదు. "చప్పుడు తేడాగా ఉంది" అన్నది ఆయన ఊతపదం. పెళ్ళిపందిట్లో ఫ్యాన్లు ఆపేవాడు. లోడుతో పోతున్న పత్తి లారీని చెయ్యెత్తి ఆపి వెనక చక్రం దగ్గర చతికిలబడేవాడు. ఒకనాడు పక్కింటి గురవమ్మ గారెలకు పప్పు రుబ్బుతుంటే పొత్రం పట్టుకుని ఆపాడు. ఆ పూట ఆవిడ పప్పు వదిలేసి ఆయన్ని రుబ్బింది.

ఆయన చిలకలూరిపేటలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు ఫిట్టరు. భార్య రెబ్కా మిషన్ బడిలో టీచరు. ఊళ్ళో అన్ని చప్పుళ్ళూ పట్టుకునే మనిషికి తన గురకలో తేడా మాత్రం ఎన్నడూ తెలియలేదని ఆవిడ ఫిర్యాదు.

అలాంటివాడికి మిల్లు యజమాని వెంకటనారాయణ గారు జెయింట్ వీలు కట్టే పని అప్పగించాడు. గుంటూరు నుంచి ఒంగోలు పోయే బస్సులు పేటలో టీ కోసం తప్ప ఎందుకూ ఆగవని ఆయన బెంగ. ఊరికో గుర్తుండాలి, బస్సులో కునుకు తీసేవాడు కూడా లేచి 'అదుగో పేట' అనాలి. కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభలకంటే ఎత్తుండాలి.

బాలస్వామి పాత షెడ్డు దూలాలు విప్పించాడు, లారీ ఇరుసులు తెప్పించాడు, ఏడాది పొడుగునా వెల్డింగు చేయించాడు. బిగించింది మళ్ళీ విప్పించేవాడు. ఇంకా తిరగని చక్రానికి చప్పుడెక్కడిదని రెబ్కా అడిగితే, "తిరిగితే వచ్చేది ముందే వినాలి గదా" అన్నాడు.

వీలు మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ళ జనం ట్రాక్టర్లేసుకుని వచ్చారు. అంతా బాగానే ఉంది గానీ, రోజూ అన్నం వేళ మాత్రం అది ఆగిపోయేది. బాలస్వామి మోటారు కట్టేసి, స్తంభానికి చెవి ఆనించి, ఆనక తీరిగ్గా టీ తెప్పించుకునేవాడు. పైనున్నవాళ్ళు పైనే. 'మీ ఊరి గుర్తు బాగా నిలబడిందటగా' అని నరసరావుపేటవాళ్ళు నవ్వారు. వెంకటనారాయణ గారికి తల కొట్టేసినట్టయింది. ఇంకొక్కసారి ఆగితే విప్పించి పాత ఇనుము కింద తూకానికి వేయిస్తానన్నాడు.

రెబ్కా మొగుణ్ణి బతిమాలింది. ఆయన సరేనని తలూపుతూనే ఆవిడ కుట్టుమిషను చక్రం ఆపాడు.

మర్నాడు వెంకటనారాయణ గారు తానే పరీక్షించాలని వీలెక్కి, పూచీకత్తుగా రెబ్కాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. వెనక పెట్టెలో ఆదెమ్మా, ఆమె జట్టు ఆడవాళ్ళూ ఎక్కారు. పక్క గోడౌనులో మిరపకాయల తొడిమలు తీసే కూలీలు వాళ్ళు. అన్నం వేళ వాళ్ళను బాలస్వామి డబ్బు తీసుకోకుండా ఒక చుట్టు తిప్పేవాడు.

వీలు పైకి లేచింది. ఆగింది.

రెబ్కా కళ్ళు మూసుకుని ప్రార్థనలో పడింది. వెంకటనారాయణ గారు ఊచ పట్టుకుని కిందికి కేకలేశాడు. బాలస్వామి చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడటం లేదని సైగ చేశాడు. ఫర్లాంగు దూరం నుంచే లారీ బేరింగు రోగం చెప్పే చెవి అది.

"కంగారు పడమాకండయ్యా," అంది వెనకనుంచి ఆదెమ్మ. "మేం ఎక్కితే ఆగుద్ది. కాసేపటికి అదే తిరుగుద్ది."

రెబ్కా తిరిగి చూసింది. ఆడవాళ్ళంతా ఎర్రగా కందిన అరచేతులు గాలికి చాపి కూర్చున్నారు. ఒకామె పక్కామె భుజం మీద నిద్రపోతోంది.

"కారం మంటకి ఈ గాలే మందమ్మా. కిందుంటే మేస్త్రీ కూకోనియ్యడు."

కింద మేస్త్రీ పేరయ్య వీలు చుట్టూ తిరుగుతూ చిందులేస్తున్నాడు. బాలస్వామి ఆయన చేతికి టీ గ్లాసిచ్చి, తల స్తంభానికి ఆనించి, కదలకుండా వినమంటున్నాడు. రెబ్కాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

వెంకటనారాయణ గారూ అంతా చూశాడు. ఇంతలో ఇద్దరు పత్తి బ్రోకర్లూ, ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే ఆయన బావమరిదీ కింద చేరి పైకి కేకలు మొదలుపెట్టారు. వెంకటనారాయణ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడటం లేదని సైగ చేసి, చెప్పులు విడిచి కాళ్ళు చాపుకున్నాడు.

దిగాక పేరయ్య పని పాడైందని మొరపెట్టుకున్నాడు. "యంత్రమన్నాక చప్పుడు రాదుటయ్యా," అన్నాడు వెంకటనారాయణ గారు.

ఆ మర్నాడు బడికొచ్చి, ఆదెమ్మ జట్టు ఇవాళ ఎన్నింటికి ఎక్కుతుందో, ముందు పెట్టెలో తనకు చోటుంటుందో లేదో కాస్త కనుక్కుని చెప్పమని రెబ్కాను గుట్టుగా అడిగాడు.