పెద్దబాపు మూడో గేరు

చనిపోయిన రోజు పొద్దున మా పెద్దబాపు లింగమూర్తి సూరత్ గోడాదరాలో చాయ్ బండి పక్కన ఆగాడు. అక్కడ నిలబెట్టి ఉన్న ఎవరిదో బైకు గేరు రాడ్డును కాలి బొటనవేలితో తట్టి చూశాడు. కదిలింది. జేబులోంచి పది నంబరు పానా తీసి బోల్టు బిగించి, చాయ్ తాగి, బట్ట నేసే సాంచాల కార్ఖానాకు పోయాడు. మధ్యాహ్నం అక్కడే గుండె ఆగింది.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఆగి ఉన్న బండి కనిపిస్తే గేరు రాడ్డు తట్టకుండా దాటలేడు.

"పెండ్లిచూపులనాడు నా మొఖం చూసిండో లేదో గని, మా అన్న బండి గేరు మాత్రం చూసిండు" అనేది ఎల్లవ్వ పెద్దమ్మ.

"చూసిన. ఆడుతుండె" అనేవాడు పెద్దబాపు.

ఒకసారి సలాబత్‌పురాలో ఒక పోలీసు బండి దగ్గర దొరికిపోయాడు.

"ఏ కాకా, క్యా కర్ రహే హో?"

నలభై ఏళ్లు సూరత్‌లో ఉన్నా పెద్దబాపు హిందీ తెలుగులోంచే బయలుదేరేది. "సాబ్, ఆప్ కా గేర్ ఖేల్ రహా హై" అన్నాడు.

పోలీసు అటూ ఇటూ చూశాడు. "కిస్ కే సాథ్?"

ఎవరితో ఆడుతోందో చెప్పలేక, బిగించి చూపించాడు. స్టేషన్‌కు తీసుకుపోయినా, ఆయన్ను వదిలిపెట్టడానికి రెండు గంటలు పట్టింది. అక్కడ ఇంకా ఏడు బండ్లున్నాయి మరి.

నేను కొన్న టూరింగ్ బండీ, ఆయన బండీ ఒకే మోడల్. కొన్నరోజే పెద్దబాపు మా అమ్మ వాడే పచ్చ గోళ్లరంగు తెచ్చి, నా గేరు రాడ్డు మీద నుంచి అది కూర్చునే ఇరుసు మీదికి ఒక గీత గీశాడు. "గీత తెగితే రాడ్డు జరిగినట్టు. చూసుకో బిడ్డా."

పోయినేడు పదకొండు మంది ఆడవాళ్లం బండ్ల మీద కచ్‌కు పోదామనుకున్నాం. అమ్మది ఒకటే షరతు: "పెద్దబాపు నీ బండి మంచిగున్నదంటెనే పోవుడు."

ముందురోజు గీత తెగింది. రాడ్డు లోపలి పళ్లు అరిగిపోయాయి. ఎంత బిగించినా కాలు పెడితే జారుతోంది. కడోదరా దాకా వెతికాం. ఆ మోడల్ రాడ్డు ఇప్పుడు రావట్లేదన్నారు.

"ఇగ నేను పోనట్టే, పెద్దబాపూ."

"ఏడ్వకు. బండి ఈడ వెట్టి పో. పొద్దుగాల రా."

పొద్దున రాడ్డు రాయిలా ఉంది. కొత్త గీత కూడా ఉంది.

"ఏం చేసినవ్?"

"జర బుజ్జగించిన" అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, "ఆడుతలేదు. పోనియ్యి" అన్నాడు.

నేను కచ్ నుంచి వచ్చేసరికి ఆయనకు రెండో పిచ్చి పట్టింది. బయలుదేరే ముందు తన బండి పక్కన వంగి, గేరు దగ్గర కటింగ్ ప్లేర్‌తో ఏదో తిప్పేవాడు. ఇక ఇంటిదాకా రెండో గేరే. వెనక గోడాదరా మొత్తం హారన్ కొట్టేది.

"పెద్దబాపూ, సైకిలోడు దాటిపోయిండు! మూడో గేరు ఏమైంది?"

"కచ్‌కు పోయింది బిడ్డా. ఆడ తెల్ల ఎడారి మస్తుగున్నదట."

నా కచ్ కబుర్ల మీద వేళాకోళం అనుకొని మూతి ముడుచుకునేదాన్ని.

కర్మ అయ్యాక పెద్దమ్మ ఆయన బండి తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఎక్కేముందు, ఎన్నడూ లేనిది, గేరు రాడ్డును బొటనవేలితో తట్టాను. ఆడింది. కటింగ్ ప్లేర్ పట్టుకొని వంగాను. ఇరుసు మీద ఏ గీతా లేదు. రాడ్డు మీద మాత్రం సగం తెగిన గీత. మా అమ్మ గోళ్లరంగు, పచ్చది.

మూడో గేరు నిజంగానే కచ్‌కు పోయింది.