ఎత్తి పట్టిన కలం

నా చిన్నప్పుడు ఒక నెలంతా నేను రోజూ బడికి వెళ్లాను, రిజిస్టరులో మాత్రం పదకొండు రోజులు వెళ్లలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, శ్రీకాళహస్తిలో నాలుగో తరగతి. నాకు నత్తి. సార్ పేరు పిలవగానే లేచి నిలబడేదాన్ని కానీ, 'ప్రెజెంట్' అనడానికి నోరు తెరవబోతే మొదటి అక్షరం దగ్గరే పెదవులు అతుక్కుపోయేవి. తరగతిలో అరవై మంది. సార్‌కు మొదట్లో ఓపిక ఉండేది, తర్వాత అదీ పోయింది. "నోరు తెరవని పిల్ల రానట్టే లెక్క" అని గైర్హాజరు వేసి పక్క పేరుకు వెళ్లిపోయేవారు. ఎదురుగా నిలబడి ఉన్న మనిషిని లేదని రాస్తే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

మా ఇంట్లో నన్ను ఎవరూ వెక్కిరించలేదు. అమ్మ వస కొమ్ము తేనెలో అరగదీసి నాలుకకు రాసేది, కనిపించిన దేవుడికల్లా మొక్కేది. నేను మాట మొదలుపెడితే చాలు, మిగతాది తనే అందుకుని పూర్తిచేసేది. ఆకలా, దాహమా, కడుపునొప్పా, అన్నీ ఆమే చెప్పేది. పాపం, అది ఆమె ప్రేమ. నేను చెప్పబోయింది వేరే అయినా సరే, ఆ తంటాలు ఎందుకులే అని తలూపేసేదాన్ని. తలూపడంలో నన్ను మించినవాళ్లు ఆ వీధిలో లేరు.

నెలాఖరున సార్ దగ్గర నుంచి కబురు వచ్చింది. మా నాయన స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూనే నన్ను నిలబెట్టి, "బడికని పొయ్యి యాడ తిరగతా ఉండావు?" అని అడిగాడు. రోజూ బడిలోనే ఉన్నానని చెప్పాలి. మొదటి అక్షరం పట్టుకుని పెనుగులాడుతున్నాను. ఇంతలో అమ్మ, "సదువు ఎక్కలేదేమోలే. బయపడి యాడన్నా కూసుంటా ఉండాదేమో, కొట్టబాక" అనేసింది. నాయన చేతిలోని చెర్నాకోలను గోడకు తగిలించాడు. తర్వాత, రేపటి నుంచి బడి వద్దు, పక్కింట్లో రంగులు వేసే పని నేర్చుకో అన్నాడు. నేను అలవాటు కొద్దీ తలూపాను.

పక్కింటి అక్క కలంకారీ వేసేది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించి కట్టిన కలాన్ని నల్లరంగులో ముంచి బట్ట మీద బొమ్మలు గీసేది. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నానబెట్టి చేసే రంగు అది. బట్ట మీద ఒక్క చుక్క పడినా ఎన్ని నీళ్లకూ పోదు. అందుకే మాట్లాడాలంటే ఆ పని చేసేవాళ్లందరూ ముందు కలాన్ని గిన్నెలో పెట్టేసేవారు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆమె రంగులో ముంచిన కలంతో బట్ట మీదికి వంగి ఉంది. "బడి ఎందుకు మానేసినావు పాపా?" అంది. నేను నోరు తెరిచాను, మాట ఆగిపోయింది. ఆమె అమ్మలా మాట అందించలేదు. కలాన్ని గిన్నెలో పెట్టాలంటే అటు తిరగాలి, తిరిగితే నేను ఊరుకుంటానేమోనని కాబోలు, కలాన్ని అలాగే పైకెత్తి, చుక్క బట్ట మీద పడకుండా ఎడమ అరచెయ్యి కింద పట్టింది. నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. టప్పుమని ఒక చుక్క ఆ అరచేతిలో పడింది. తర్వాత ఇంకొకటి. నాకు చెమటలు పట్టాయి, మెడ నరాలు లాగాయి, అయినా చెప్పాను. సార్, పిలుపు, పదకొండు రోజులు, అమ్మ మాట, అన్నీ చెప్పాను. నా నోటితో నేను ఒక సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పడం అదే మొదలు. అయ్యేసరికి ఆమె అరచెయ్యి నల్లగా నిండిపోయింది.

ఇక అక్క వెళ్లి నాయనకు చెబుతుంది, సార్‌కు చెబుతుంది అనుకున్నాను. ఆమె మాత్రం, "నేనేమీ సెప్పను. నాకు సెప్పినట్టే వాళ్లకీ నువ్వే సెప్పు. నేను పక్కన నిలబడతా" అంది. చెయ్యైనా కడుక్కోకుండా నన్ను బడికి తీసుకెళ్లింది. సార్‌ను ఒక్కటే అడిగింది. "ఈ పిల్ల పేరు పిలిచినాక మీ పెన్ను పైకెత్తి పట్టుకోండి సార్. మాట వచ్చినాకనే దించండి. అంతే." సార్ ఆ నల్లటి చేతిని చూశారు, నన్ను చూశారు, రిజిస్టరు తెరిచి నా పేరు పిలిచారు. పెన్ను గాలిలో ఆగింది. తరగతి అంతా ఆగింది. ఎంతసేపు పట్టిందో తెలియదు కానీ, 'ప్రెజెంట్ సార్' అన్నాను. సార్ గట్టివారే గానీ చెడ్డవారు కాదు. ఆ పదకొండు గైర్హాజర్లనూ ఒక్కొక్కటిగా కొట్టేసి, ప్రతిదాని పక్కనా సంతకం పెట్టారు. ఆ సాయంత్రం స్టేషను దగ్గరికి వెళ్లి నాయనకు కూడా నేనే చెప్పాను. నాయన గుర్రం కళ్లెం పట్టుకుని, చెప్పడం అయిపోయేదాకా కదలకుండా విన్నాడు.

నా నత్తి పూర్తిగా పోలేదు. దానితోనే చదివాను, దానితోనే ఉద్యోగం చేశాను. ప్రభుత్వ బడుల్లో మాట సరిగా రాని పిల్లలకు సాయం చేసే స్పీచ్ థెరపిస్టును నేను. నత్తి ఉన్న మేడం నత్తికి ఏం చేస్తుందని నవ్విన వాళ్లున్నారు. వరండా మూలల్లో, మధ్యాహ్న భోజనం బియ్యం మూటల పక్కన కూర్చునే పనిచేశాను. కొత్తలో ఒకసారి, తనిఖీకి వచ్చిన అధికారి ముందు ఒక పిల్లవాడు అవస్థ పడుతుంటే చూడలేక ఆ మాట నేనే చెప్పేశాను. వాడు తలూపాడు. ఆ తలూపు నాదే. మళ్లీ ఎవరికీ మాట అందించలేదు.

పోయిన నెల ఒక ఊరి బడికి వెళ్లాను. అమ్మానాన్నలు శ్రీ సిటీ కంపెనీ బస్సు ఎక్కి వెళ్లిపోయాక, అవ్వ జడ వేసి పంపే పిల్ల ఒకతె ఉంది అక్కడ. ఐదో తరగతి, నాలాగే నత్తి. ఇప్పుడు హాజరు ఫోనులో వేస్తారు. వాళ్ల టీచరుకు, పిల్లలకు ఏం చేయాలో ముందు వారమే చెప్పి వచ్చాను. ఆ రోజు వెనక బెంచీలో కూర్చున్నాను. టీచరు పేరు పిలిచి, ఫోను మీద వేలు ఎత్తి పట్టుకుంది. పిల్ల లేచింది, పెదవులు బిగుసుకున్నాయి. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. వేలు దిగలేదు.

"ప్రెజెంట్ టీచర్" అంది పిల్ల.

నాకు పట్టలేనంత గర్వం వచ్చింది. ఆ పిల్లను చూసి, ఆ టీచరును చూసి, కాస్త నన్ను చూసుకుని కూడా. కళ్లు తుడుచుకుందామని చెయ్యి ఎత్తబోయి చూసుకుంటే, నాకు తెలియకుండానే నా ఎడమ అరచెయ్యి తెరుచుకుని ఉంది, చుక్క పడితే పట్టుకోవడానికి.