అత్తగారిని పేరు పెట్టి పిలిచిన మెసేజ్

ఆ రోజుల్లో నాకు అంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చేదో తలుచుకుంటే ఇప్పుడు ఆశ్చర్యమేస్తుంది. బెంగళూరు మహదేవపురలో మొదటి ఉద్యోగం. మా టీములో వరంగల్ వైపు నుంచి వచ్చిన మొగుడూపెళ్లాలు ఉండేవారు. నేను అన్నా, వదినా అనేవాణ్ణి. ఇల్లు ఎలక్ట్రానిక్ సిటీకి మార్చాలా వద్దా అన్న గొడవలో ఇద్దరూ మాటలు మానేశారు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని "మీ అన్నకు చెప్పు", "మీ వదినను అడుగు" అంటూ కాపురమంతా నా నోటి మీదుగా నడిపేవారు (నన్ను తీసుకున్నది మాత్రం ప్రోగ్రాములు రాయడానికి).

అప్పుడు ఒక పట్టుచీరల కొట్టుకు, చీర సిద్ధం కాగానే కొన్నవాళ్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం రాస్తున్నాం. కొనేవాళ్లందరికీ కలిపి కస్టమర్ అనే క్లాసు, అది చేసే ఒక్కో పనికీ ఒక్కో మెథడ్. ప్రోగ్రాం నడుస్తుండగానే ఆ క్లాసుకు కొత్త మెథడ్ తగిలించవచ్చు. కాకపోతే అదే పేరుతో ఇంకొకటి తగిలిస్తే పాతది కిక్కురుమనకుండా పోతుంది. అన్న, పేరు చివర 'గారు' చేర్చే మెథడ్ తగిలించాడు. మెసేజ్ పొడుగైపోతోందని వదిన, పేరును కత్తిరించే మెథడ్ తగిలించింది. రెండింటికీ ఒకే పేరు పెట్టుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు సరే, నాతో చెప్పించడం కూడా మరిచారు. వదినది తర్వాత చేరింది, అదే నిలిచింది.

మర్నాడు కొట్టు యజమాని స్వయంగా వచ్చాడు. తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగాయన. నా ముందు పెట్టిన ఫోనులో "లక్ష్మీ, మీ చీర రెడీ" అని ఉంది. ఆ లక్ష్మీదేవమ్మ ఆయన అత్తగారట.

"అల్లుడు నన్ను పేరు పెట్టి పిలిచినాడని నిన్నట్నుంచి అలిగి కూర్చోనుండాదప్పా. నా పెండ్లాము మాట్లాడేదే లేదు. ఈ పొద్దు సరి చేయకుంటే మీ ప్రోగ్రామే వద్దు," అన్నాడు.

ఎవరి మాట ఎవరికి మోయాలో తెలియలేదు. నిజంగానే అలసిపోయాను. "ఈ ఒక్కసారికి మీరే మాట్లాడుకోండి," అని కుర్చీ వెనక్కి లాక్కున్నాను.

అన్న స్క్రీన్ వైపే చూస్తూ, "నువ్వు గూడ అదే పేరు పెట్టినవా?" అన్నాడు.

"నువ్వు పెట్టినట్టు నాకు చెప్పినవా?" అంది వదిన.

అక్కడ మొదలై ఇంటి సంగతి దాకా వెళ్లింది. మధ్యలో ఎప్పుడో రెండు మెథడ్లకూ వేరువేరు పేర్లు పడ్డాయి, అత్తగారికి 'గారు'తో మరో మెసేజ్ వెళ్లింది. యజమాని కుదుటపడి లేచాడు.

ఒక కాపురం నిలబెట్టాననుకుంటూ ఆ సాయంత్రం బస్సెక్కాను. తర్వాతి వారం వాళ్లు ఇంకేదానికో మళ్లీ మాటలు మానేశారు.

ఇప్పుడు నా కింద ఒక టీము ఉంది. అందరికీ సర్దిచెప్పి సాయంత్రానికి నోరు పెగలదు. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కారు ఆగిపోయినప్పుడు పక్కన నిలిచిన బస్సు చూస్తే, ఆనాడు సీటు దొరక్కపోయినా ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. తర్వాతి వారం సంగతి వాడికి చెప్పబుద్ధి కాదు.