ఖాళీ డబ్బాకు చప్పట్లు

ఈ ఉదయం కొండాపూర్‌లో మా ఆఫీసు తలుపు తీయగానే, నిన్నటి దసరా పూజ గంధం, వాడిన బంతిపూల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. వెంటనే సరోజ మేడం గుర్తొచ్చింది. నాకు పని నేర్పిన మొదటి బాసు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గచ్చిబౌలి దాకా వినిపించేది.

అయస్కాంతానికి తెలియకుండా వస్తువులను దాచడం అప్పట్లో మా ల్యాబ్ పని. డబ్బాకు రెండు పొరలు. బయటి లోహపు పొర అయస్కాంత బలాన్ని తనవైపు లాక్కుంటుంది, బాగా చల్లబరిచిన లోపలి పొర దాన్ని వెనక్కి నెడుతుంది. రెండూ సరితూగితే, లోపల ఇనుము ఉన్నా పక్కనున్న దిక్సూచి ముల్లు కదలదు. ఇది బుర్రకెక్కక నేను తల పట్టుకుంటే మేడం పకపకా నవ్వింది. "అత్త గుంజుతది, కోడలు నూకుతది. ఇద్దరూ సమానమైతే పక్కింటోళ్లకు లొల్లి వినబడదు. గంతే!" అంది. ఆ తర్వాత నాకు ఏ పుస్తకమూ అవసరం పడలేదు.

ఓ ఏడాది దసరా పూజ మరునాడే, పెద్ద అయస్కాంతాలతో నడిచే స్కానింగ్ యంత్రాలు చేసే కంపెనీవాళ్లు మా డబ్బా చూడటానికి వచ్చారు. వాళ్లు ఊ అంటే ల్యాబ్ నిలుస్తుంది, లేదంటే మేమంతా రోడ్డు మీదే. ముందు దిక్సూచి పక్కన విడిగా ఓ ఇనుప బోల్టు పెట్టాం. ముల్లు గిర్రున తిరిగింది. తర్వాత, లోపల అలాంటి బోల్టే ఉందని చెప్పి డబ్బా పెట్టాం. ముల్లు రవ్వంత కదల్లేదు. ఇక చప్పట్లే చప్పట్లు!

పరీక్ష అయ్యాక మూత తీసి చూపడం మేడం అలవాటు. తీసింది. లోపల ఏమీ లేదు. పూజ చేసిన బల్ల మీద, స్పానర్ల వరుసలో, కుంకుమబొట్టు పెట్టుకుని కూర్చుంది మా బోల్టు.

"జర చప్పట్లు ఆపుండ్రి," అంది మేడం. "పూజల పెడదామని నిన్న నేనే తీసిన. మళ్ల లోపల పెట్టుడు మర్చిన. తప్పు నాది."

వచ్చిన పెద్దాయన మంచివాడే. "పోనీలెండి మేడం, ముల్లు కదల్లేదు కదండీ. కాగితాలు కానిచ్చేద్దాం," అన్నాడు. ఒప్పుకోమని నేను కళ్లతోనే బతిమాలాను.

"వద్దు సార్. రేపు దీన్ని నమ్మి పేషెంటు పక్కన పెడతరు. పానం మీదికొస్తే జవాబెవరు?" అంటూ ఆ కుంకుమతోనే బోల్టును లోపల పెట్టి, డబ్బాను మళ్లీ చల్లబరిచింది. దిక్సూచి పక్కకు జరిపింది. ముల్లు కదిలింది. కొంచెమే, కానీ కదిలింది.

ఒప్పందం పోయింది, కొన్నాళ్లకు ల్యాబూ పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. "నిజం వండుకుని తింటామా మేడం?" అని మొహం మీదే అడిగేశాను. ఆమె కోప్పడలేదు. "ఫికర్ చెయ్యకు బిడ్డా," అని మా అందరి కోసం ఊరంతా ఫోన్లు చేసింది. ఇప్పుడు నేను తింటున్న అన్నం ఆ ఫోన్ల చలవే.

ఈ మధ్యాహ్నం ఈ ఆఫీసులో నా కింద పనిచేసేవాళ్లు అలాంటిదే ఓ కొత్త డబ్బాను పరీక్షించారు. ముల్లు కదల్లేదు. చప్పట్లు మొదలయ్యాయి.

"ఆగుండ్రి," అన్నాను, నాకు తెలియకుండానే ఆమె యాసలో. "ముందుగాల మూత తీయుండ్రి."

తీశారు. బోల్టు లోపలే ఉంది. అప్పుడు కొట్టాను చప్పట్లు, మా మేడం కోసం.