ఇంటికి దారి అడిగే మామయ్య

మామయ్యకున్న పిచ్చి ఒక్కటే. దారి అడగడం. ఆ పరాయి మహానగరంలోనే ఆయన జుట్టు నెరిసింది, బస్సు డ్రైవర్లకే అడ్డదారులు చెప్పగల ఘనుడు. అయినా గడప దాటితే చాలు, కనబడ్డవాళ్లనల్లా ఆపి ఏదో ఒక చోటుకి దారి అడగాల్సిందే. మరీ చోద్యం, సొంత ఇంటికి కూడా!

కుట్టుపని ఉద్యోగానికి ఆ ఊరొచ్చిన మేనకోడలు దిగిన రోజే ఈ వైభవం చూసింది. పెట్టె ఈడ్చుకుంటూ మామయ్య వీధి మొదట్లో మందుల షాపావిడని దారి అడిగాడు. ఆవిడ ఎదురుగా ఉన్న మేడ చూపించింది.

"మామయ్యా, అదిగో మన ఇల్లు! కిటికీలోంచి అత్తయ్య చెయ్యి ఊపుతోంది."

"ఊపనీవే. ఈవిడ దారి చెబుతుంటే మధ్యలో వచ్చేస్తే ఏం బాగుంటుంది?"

అప్పట్నుంచీ పిల్లని పనికి దింపడం, తీసుకురావడం ఆయన వంతు. రోజుకో దారి. ఒకరోజు పూలకొట్టు ఆవిడ, ఇంకోరోజు బూట్లు బాగుచేసే ముసలాయన. దారి అడిగి ఊరుకుంటాడా, పిల్లని ముందుకి లాగి, "మా అక్క కూతురు. కొత్తగా వచ్చింది. దీని చేతి కుట్టు చూస్తే మీరు వదలరు" అంటాడు. సిగ్గుతో దాని తల కోటులోకి దూరిపోయేది.

"అత్తయ్యా, నా పరువు పోతోంది."

"నీదిప్పుడు పోతోందా? నాది పెళ్లయిన కొత్తల్లోనే పోయింది తల్లీ" అంది అత్తయ్య, గిన్నె తోముతూ.

నవ్వుకోడానికి బాగానే ఉంది గానీ, పిల్ల లోపల్లోపల బెంగతో చిక్కిపోతోంది. లిఫ్టులో భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడ్డవాళ్లు కూడా మొహం చూడరు. మెట్ల మీద ఎదురైనవాళ్లు పలకరించరు. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది. చివరికి ఓ పొద్దున కాఫీ తాగుతూనే బయటపడింది.

"నావల్ల కాదు మామయ్యా. ఇక్కడ నేను మాయమైపోయినా, ఏదీ ఆ పిల్ల అని అడిగే దిక్కు లేదు. నెలాఖరుకి వెళ్లిపోతాను. ఇవాళ్టినుంచి నాతో రావద్దు, ఆ అడగడాలూ వద్దు."

మామయ్య మొహం వాడిపోయింది. "సరేలే అమ్మడూ. టికెట్టు నేనే తీస్తాను" అన్నాడు. ఆ రోజు పిల్ల ఒక్కతే వెళ్లింది.

సాయంత్రం రోడ్డు తవ్వుతున్నారని బస్సు ఎటో తిరిగి, అందర్నీ ఎక్కడో దింపేసింది. ఫోను చూస్తే కుట్టు మిషను దగ్గరే మర్చిపోయింది. వాన. ఏ వీధి చూసినా ఒకేలా ఉంది. నడిచి నడిచి కాళ్లు పీకి, ఓ అరుగు పక్కన నిలబడి వెక్కివెక్కి ఏడ్చేసింది.

"దారి అడిగే ఆయన మేనకోడలివి కదూ?"

చూస్తే బూట్ల ముసలాయన, చేతిలో సుత్తి. కొట్టు మూసి గొడుగు తీశాడు. "నీ చేతి కుట్టు చూస్తే వదలనన్నాడు మీ మామయ్య. పద, దింపుతాను."

"ఆయనకి దారులన్నీ తెలుసండీ. ఊరికే అడుగుతాడు" అంది పిల్ల, కళ్లు తుడుచుకుంటూ.

"మాకు తెలీదా ఏమిటి! నిన్ను మాకు చూపించాలిగా. నువ్వు వెనక్కి తిరగ్గానే, 'కాస్త కనిపెట్టి ఉండండి' అని చెప్పి వెళ్లేవాడు."

ముసలాయన పూలకొట్టు దాకా తెచ్చాడు. పూలకొట్టు ఆవిడ మందుల షాపుకి ఫోను చేసి, తన కోటు కప్పి, వీధి మొదలు దాకా వచ్చి దింపింది.

మందుల షాపు ముందు మామయ్య. గొడుగు చేతిలోనే ఉంది, తెరవడం మర్చిపోయి నిలువునా తడిసిపోయాడు. పిల్లని చూడగానే పరుగున ఎదురొచ్చాడు. అయినా పిచ్చి పిచ్చే కదా, సర్దుకుని అడిగాడు.

"ఏమ్మా, ఈ పక్కనే మా ఇల్లుండాలి. ఎటు వెళ్లాలో కాస్త చెబుతారా?"

పిల్ల ఆయన చేతిలోంచి గొడుగు తీసుకుని తెరిచి, ఇద్దరి మీదా పట్టింది.

"అదిగోనండీ, కిటికీలోంచి ఒకావిడ మిమ్మల్ని తిడుతోంది చూడండి, ఆ ఇల్లే. రండి, నేనూ అక్కడే ఉంటున్నాను."

"నెలాఖరు దాకేనా?"

"లేదండీ. ఉండిపోదామని వచ్చాను."