కొండ మీద మంచు, మంగళగిరి పంచె

నేను కోసిన కోతలన్నీ బెజవాడలో జనం నోళ్ళు తెరుచుకుని నమ్మారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది మంగళగిరిలో పెళ్ళిచూపులకు వెళ్ళి ఒక్క నిజం చెప్పాను. అది మాత్రం ఎక్కలేదు.

పిల్ల తండ్రికి సొంత మగ్గాలున్నాయి. "ఇటలీలో ఏం చూశావు బాబూ?" అని అడిగారు.

"సముద్రం ఒడ్డునే ఉన్నామండీ. రేవులో వాన కురుస్తుంటే వెనక కొండ మీద మంచు పడేది. రేవులో ఎప్పుడైనా పడ్డా, సముద్రపు గాలికి మధ్యాహ్నానికల్లా కరిగిపోయేది. కొండ అవతల, ఎండ తగలని లోయలో మాత్రం నెలల తరబడి అలాగే ఉండేది."

"ఒకే ఊళ్ళో కింద వానా, మీద మంచూనా? ఇలా కోతలు కోసేవాడికి పిల్లనెలా ఇచ్చేది?"

"మన బెజవాడ కొండలు ఎండకి కాగిపోతుంటే, బందర్లో చల్లగాలి కొట్టదటండీ? ఇదీ అంతే."

"గాలి వేరు, మంచు వేరు," అంటూ ఆయన కండువా దులిపి లేచారు.

సంబంధం చేజారిపోతోంది. ఇక లాభం లేదని అలవాటైన దారి పట్టాను.

"ఆ మంచులో బూట్లు చిరిగిపోతే, మీ మంగళగిరి పంచె కాళ్ళకి చుట్టుకుని కొండెక్కానండీ. ఒక్క పోగు ఊడితే ఒట్టు!"

ఆయన మళ్ళీ కూర్చున్నారు. "మా నేతంటే ఏమనుకున్నావు మరి! ఏమేవ్, అబ్బాయికి కాఫీ!"

తలుపు చాటున పిల్ల కిసుక్కున నవ్వింది. పెళ్ళయ్యాక ఆ నవ్వు సంగతి అడిగాను.

"మంచు మాట నమ్మాను లెండి. పంచె మాటకే నవ్వొచ్చింది. జన్మంతా పొద్దుపోతుంది కదా అని సరేనన్నా," అంది.